లైంగిక దాడి తరువాత కళలో గొంతు వెతుక్కోవడం ఎలా

లైంగిక దాడికి గురైన మనిషిని అందరూ ప్రశ్నలే అడుగుతారు. పోలీసు స్టేషన్‌లోనైనా, ఆసుపత్రిలోనైనా, ఇంట్లోనైనా ఎదుటివారు అడిగిన వరుసలోనే జవాబు చెప్పవలసి వస్తుంది. బొమ్మ గీసేటప్పుడో, కవిత రాసేటప్పుడో మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది వదిలేయాలో, ఎప్పుడు ఆపాలో మీరే నిర్ణయించుకుంటారు. బొమ్మ అందంగా రావడం కన్నా ఆ నిర్ణయం మీ చేతిలో ఉండడమే ముఖ్యం.

దాడి ఇటీవలే జరిగి ఉంటే ముందు వైద్యమూ భద్రతా చూసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది. సహాయానికి 181, అత్యవసరమైతే 112 నంబర్లు ఉన్నాయి.

కళకు కూర్చున్న తొలి రోజుల్లో జరిగినదాన్ని గీయడానికి ప్రయత్నించకండి. చేతికి పని చెప్పండి చాలు. గొలుసు కుట్టు ఇందుకు ఎంతో అనువైనది: సూదిని పైకి తీసి, దారాన్ని బొటనవేలితో అదిమిపట్టి, వచ్చిన చోటే మళ్లీ దించి, కాస్త ముందుకు తేలిస్తే ఒక లంకె పడుతుంది, తరువాతి లంకె దాన్ని పట్టి ఉంచుతుంది. నచ్చకపోతే విప్పేయవచ్చు. కుట్టు రానివారు బొగ్గుముక్కతో అట్టమీద గట్టిగా రుద్దవచ్చు, పాత పత్రికలు చింపి అతికించవచ్చు.

ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని, అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు కాకుండా, పగటిపూట కూర్చోవడం మేలు. గుండె దడదడలాడినా, ఒళ్లు మొద్దుబారినట్టు అనిపించినా వెంటనే ఆపి, పాదాలు నేలకు ఆనించి, ఎదుట కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఆ స్థితి తరచుగా వస్తుంటే మానసిక వైద్యుల తోడు లేకుండా ముందుకు వెళ్లకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గాయం గురించే గీయాలన్న నియమమేదీ లేదు. ఇటలీ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కీపై 1611లో అత్యాచారం జరిగింది. మరుసటి ఏడాది విచారణలో, ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికంటూ వేళ్లకు తాళ్లు బిగించి హింసించారు. ఆ తరువాత ఆమె గీసిన, బైబిల్ కథలో శత్రు సేనాపతి తల నరికిన జూడిత్ చిత్రాల్లో చాలామంది ప్రతీకారాన్నే చూస్తారు. అయితే స్నానం చేస్తున్న సుసన్నా అనే మరో బైబిల్ కథ స్త్రీని ఇద్దరు వృద్ధులు వేధించే చిత్రాన్ని ఆమె 1610లోనే, అంటే దాడికి ముందే గీసింది. ఆమె కళనంతా ఆ ఒక్క సంఘటనతో కొలవడం అన్యాయమని నేను నమ్ముతాను. మీరు గీసిన మామిడిచెట్టు మామిడిచెట్టుగానే ఉండవచ్చు.

ఎవరికీ చూపకుండా దాచుకున్నదీ, చించేసినదీ కూడా మీ కళే. చూపాలనిపిస్తే ముందు ఒక్కరికే చూపండి. సలహా వద్దు, చూస్తే చాలు అని ముందే చెప్పండి. ప్రదర్శనకో, పత్రికకో ఇచ్చేటప్పుడు పేరు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం: మీ రాతపూర్వక అనుమతి లేకుండా మీ గుర్తింపు తెలిసేలా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. కేసు ఇంకా కోర్టులో నడుస్తుంటే, సంఘటన వివరాలున్న రచననైనా చిత్రాన్నైనా బయటపెట్టే ముందు మీ న్యాయవాదికి చూపించండి.