నౌపడ ఉప్పు మడుల మీద డ్రోన్: ఎండలో ఏ ఫిల్టర్ పెట్టాలి

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల మీద పదిన్నర ఎండలో డ్రోన్ లేపి, కెమెరాని ఆటోలో వదిలేసి తీసిన వీడియోని ఆపి చూస్తే ప్రతి ఫ్రేమూ బాగానే ఉంటుంది. నడిపిస్తేనే గొడవ. గట్లు, గట్ల మీద నడిచే మనుషులు, పక్కనున్న కాలువ నీళ్లు, అన్నీ టకటకమని తెగుతూ కదులుతాయి. ఎండ ఎక్కువై కెమెరా షట్టర్‌ని (ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/3200 వంతుకో, ఇంకా పైకో తోసేయడం వల్ల వచ్చే తంటా ఇది. కదలికకు ఉండాల్సిన కాస్త మసక ఒక్క ఫ్రేములోనూ మిగలదు.

షట్టర్ అంకె ఫ్రేమ్ రేటుకి, అంటే సెకనుకి పడే ఫ్రేములకి, రెట్టింపు ఉంటే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. 25 ఫ్రేములకి 1/50, 30కి 1/60, 50కి 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 పెట్టుకుంటే సాయంత్రం వీధి లైట్లు ఫ్రేములో పడ్డా మిణుకుమనవు.

మండే ఎండలో షట్టర్ అంత నెమ్మదిగా ఉండాలంటే వెలుతురుని తగ్గించాలి, దానికే ఎన్‌డీ ఫిల్టర్. అంటే లెన్స్‌కి పెట్టే నల్ల కళ్లద్దమే. దాని మీది అంకె భాగహారం: ఎన్‌డీ 16 వెలుతురులో పదహారో వంతే లోపలికి వదులుతుంది. ఫిల్టర్ డబ్బాలో వచ్చే ‘ఎండకి ఇది, మబ్బుకి అది’ అనే చీటీని పక్కన పడేయండి. ఆ చీటీకి మీ లెన్స్ ఎఫ్ నంబరూ (లెన్స్ కంత ఎంతో చెప్పే అంకె, అది చిన్నదైతే కంత పెద్దది) తెలీదు, ఉప్పు తెలుపు ఎంత వెలుతురు వెనక్కి కొడుతుందో కూడా తెలీదు. లెక్క మనమే కడదాం.

ఫిల్టర్ లేకుండా లేపండి. ఐఎస్‌ఓని (వెలుతురుకి కెమెరా స్పందించే జోరు) 100 దగ్గర బిగించి, షట్టర్‌ని ఆటోలో ఉంచి, అసలు తీయబోయే దృశ్యం వైపే కెమెరా తిప్పండి. తెర మీద 1/1600 కనిపించిందనుకోండి. 1600ని 50తో భాగిస్తే 32, అంటే ఎన్‌డీ 32. 1/3200 వస్తే ఎన్‌డీ 64. 30 ఫ్రేములైతే 60తో, స్లో మోషన్ కోసం 100 ఫ్రేములైతే 200తో భాగించాలి. 2500 లాంటి అంకె వచ్చి భాగహారం 50 దగ్గర ఆగితే కింది మెట్టు, అంటే 32 తీసుకోండి (ఎన్‌డీ అంకె 8, 16, 32, 64 అని మెట్టుకి రెట్టింపవుతుంది). షట్టర్ 1/80 దగ్గర కూర్చుంటుంది, ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు.

లాగ్ ప్రొఫైల్‌లో (తరవాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసే పద్ధతి) తీసేవాళ్లు అదే ప్రొఫైల్‌లో ఉండి అంకె చూడాలి. కొన్ని మోడళ్లలో లాగ్ పెట్టగానే కనీస ఐఎస్‌ఓ 400కి ఎక్కుతుంది, ఫిల్టర్ రెండు మెట్లు పెరుగుతుంది. ఇంకోటి: షట్టర్ 1/8000 దగ్గర ఆగిపోయి వెలుతురు మీటరు ఇంకా ప్లస్ 1 (ఒక మెట్టు ఎక్కువ) చూపిస్తుంటే కెమెరా అంతకు మించి పోలేకపోయిందని అర్థం. ఆ అంకెని 16000గా లెక్కేయండి. ఎఫ్/1.7 లెన్స్‌లతో ఉప్పు మీద, ఇసుక మీద తరచూ జరిగేది ఇదే.

కొనేటప్పుడు ఆరు ఫిల్టర్ల సెట్టు అక్కర్లేదు. ఎఫ్/2.8 లెన్స్‌కి 8, 32, 128, ఎఫ్/1.7కి 16, 64, 256 చాలు. మధ్యలో ఉన్న రెండు మెట్ల ఎడాన్ని షట్టర్ 1/50 నుంచి 1/100 దాకా, ఐఎస్‌ఓ 100 నుంచి 200 దాకా జరిపి పూడ్చుకోవచ్చు. తిప్పితే నలుపు మారే వేరియబుల్ ఎన్‌డీ డ్రోన్‌కి వద్దు. వెడల్పు లెన్స్ మీద బాగా నల్లగా తిప్పితే ఫ్రేమ్‌కి అడ్డంగా ఇంటూ గుర్తు లాంటి నీడ పడుతుంది.

కొన్న రోజే తెల్ల కాగితం పెట్టి పరీక్షించండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగా చూపే అమరిక) 5500 దగ్గర బిగించి, ఫిల్టర్ లేకుండా ఒకటి, పెట్టి ఒకటి తీయండి. చవక ఫిల్టర్లలో 64 దాటినవి కాగితాన్ని ఎర్రగానో ఊదాగానో చూపిస్తాయి. అలాంటిది తిరిగి ఇచ్చేయండి, ఎడిటింగ్‌లో సరిచేసుకుందామని ఉంచుకోవద్దు.

ఇక పోలరైజర్, అంటే మెరుపుని తగ్గించే, రింగు తిప్పి సరిచేసుకునే ఫిల్టర్. దీని మీద ఆశలు ఎక్కువ, వాడకం తక్కువ. నీటి మీది మెరుపుని ఇది బాగా కోసేది కెమెరాని అడ్డం నుంచి 35, 40 డిగ్రీలు కిందికి వంచినప్పుడే. నిట్టనిలువుగా కిందికి చూసే షాట్‌లో మెరుపు పోదు సరికదా, ఒక మెట్టు పైగా వెలుతురు దండగ. పైగా ముందే తిప్పి పెట్టుకున్న కోణం డ్రోన్ పక్కకి తిరగ్గానే మారిపోతుంది, ఒకే షాట్‌లో ఆకాశం ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల తేట. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట, డ్రోన్ తిరక్కుండా సాగే షాట్‌కి పెట్టండి. కిందే కెమెరాని ఆ దిక్కుకి, ఆ వంపుకి పట్టుకుని, తెర చూస్తూ రింగు తిప్పి లేపండి. ఉప్పు మడులకైతే తీసేయడమే నయం. ఆ తళుకు పోతే మిగిలేది బూడిద రంగు బురద నీళ్లు.

ఫొటోలకి మామూలుగా ఎన్‌డీ అవసరం లేదు, షట్టర్ ఎంత వేగంగా ఉన్నా పర్లేదు. అలల్ని పాలనురుగులా కరిగించాలంటేనే కావాలి. గాలి లేనప్పుడు అర సెకను, ఒక సెకను దాకా డ్రోన్ నిలుస్తుంది. మన తీరంలో ఎండ ముదిరాక గాలి లేస్తుంది, కాబట్టి బారువలో ఆ పని తెల్లారగట్లే. అప్పుడు కూడా ఫిల్టర్ ఊరికే ఉండనివ్వదు: సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చే గంటలోనే ఏ ఫిల్టరూ లేని స్థితి నుంచి 32 దాకా పోతుంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ అంకె మళ్లీ చూసుకోండి. నీలంగా, తేటగా సముద్రం కావాలంటే మధ్యాహ్నం దాటాక వెళ్లాలి, ఎండ వెనక నుంచి పడుతుంది.

ఫిల్టర్‌ని డ్రోన్ ఆన్ చేయకముందే, గింబల్‌ని (కెమెరాని ఊగకుండా మోసే భాగం) రెండు వేళ్లతో పట్టుకుని పెట్టండి. ఆన్ అయ్యాక నొక్కితే మోటారు ఓవర్‌లోడ్ అంటుంది. 249 గ్రాముల మోడలైతే ఫిల్టర్‌తో సహా బంగారం తూచే కాటా మీద పెట్టి చూడండి. 250 దాటితే డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం అది నానో కాదు, మైక్రో. భోగాపురం వైపు వెళ్లేవాళ్లు విమానాశ్రయం ఉందని గుర్తుంచుకుని డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. చలికాలంలో తేలినీలాపురం కొంగల చెట్ల దరిదాపుల్లో అసలు లేపొద్దు. గూళ్లలో పిల్లలుంటాయి.

మబ్బు కమ్మినప్పుడు ఎన్‌డీ 64 అలాగే ఉంటే ఆటో ఐఎస్‌ఓ చప్పుడు లేకుండా 800 ఎక్కేస్తుంది, నీడల్లో చుక్కలు పడతాయి. అందుకే ఐఎస్‌ఓని మాన్యువల్‌లో బిగించేయండి. అప్పుడు బొమ్మ నల్లబడితే తెర మీదే తెలుస్తుంది, దించి ఫిల్టర్ మారుస్తారు.

ఇసుక మీద నుంచి లేపకుండా పట్టా పరవండి. దిగాక ఫిల్టర్‌ని భుజాన ఉన్న తువ్వాలుతో తుడవొద్దు, గాలికి ఎండిన ఉప్పు రవ్వలు గాజుని గీసేస్తాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, తరవాత మంచినీళ్లతో తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే వైపుకి లాగండి. ఆరాకే డబ్బాలో పెట్టాలి.