ట్యూన్ చేసిన స్పోర్ట్స్ కారుకు మాన్యువల్ గేర్‌బాక్సా, ఆటోమేటికా?

ఇంజిన్ శక్తిని పెంచాలనుకునే వారిలో చాలామంది టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం), ఇంధనాన్ని చల్లే ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, గేర్‌బాక్స్ సంగతిని మాత్రం అది విరిగిన రోజుకు వాయిదా వేస్తారు. ఈ క్రమాన్ని తిరగవేయాలి. ఎంత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) రాబోతోంది, కారును ఎక్కడ నడపబోతున్నారు, ఆ గేర్‌బాక్స్‌ను ట్యూన్ చేయగల నిపుణుడు అందుబాటులో ఉన్నాడా అన్న మూడు విషయాలు తేలితే, మాన్యువలా ఆటోమేటికా అన్న ప్రశ్నకు జవాబు దాదాపుగా దొరికినట్టే.

ముందుగా హార్స్‌పవర్ అంకెను పక్కన పెట్టండి. గేరు పళ్లను విరగగొట్టేది, క్లచ్‌ను జారేలా చేసేది టార్క్. 400 హార్స్‌పవర్‌ను నిమిషానికి 7,000 చుట్ల దగ్గర ఇచ్చే ఇంజిన్ ఆ క్షణంలో గేర్‌బాక్స్ మీద మోపే టార్క్ సుమారు 407 న్యూటన్ మీటర్లు; అదే 400 హార్స్‌పవర్‌ను 3,000 చుట్ల దగ్గరే రాబట్టాలంటే దాదాపు 950 న్యూటన్ మీటర్లు కావాలి. అంటే ఎక్కువ చుట్ల దగ్గర శక్తినిచ్చే ఇంజిన్‌తో ఏళ్ల తరబడి నిలిచిన గేర్‌బాక్స్, తక్కువ చుట్ల దగ్గరే బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) నింపే చిన్న టర్బోతో కొద్ది రోజుల్లోనే చేతులెత్తేయవచ్చు. అందుకే ట్యూనర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న గరిష్ఠ శక్తి ఎంత అని కాదు, గరిష్ఠ టార్క్ ఎంత, అది ఇంజిన్ ఎన్ని చుట్ల దగ్గర వస్తుంది అని.

ఆ అంకె చేతికొచ్చాక దాన్ని మీ కారులోని గేర్‌బాక్స్ మోడల్‌తో పోల్చాలి. మాన్యువల్ ఎప్పుడూ గట్టిది, ఆటోమేటిక్ ఎప్పుడూ బలహీనం అన్న పాత మాట ఇప్పుడు చెల్లదు. 1993లో వచ్చిన టయోటా సుప్రా టర్బోలో గెట్రాగ్ వీ160 అనే ఆరు గేర్ల మాన్యువల్ భారీ ట్యూనింగ్‌ను తట్టుకోవడంలో పేరు తెచ్చుకుంది. అదే కారు నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను పెద్ద శక్తికి వాడాలంటే లోపలి భాగాలను బలపరచక తప్పేది కాదు. 2019లో వచ్చిన కొత్త సుప్రా జెడ్‌ఎఫ్ సంస్థ రూపొందించిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో మాత్రమే విడుదలైంది. మాన్యువల్‌ను 2022లో గానీ చేర్చలేదు. ఆ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌నే ఎక్కువ శక్తి కోరే ట్యూనర్లు ఇష్టంగా వాడుతున్నారు. ఒకే పేరున్న కారులో రెండు తరాల మధ్య పరిస్థితి ఇంతగా మారిందంటే, సాధారణ సూత్రాల కన్నా మీ గేర్‌బాక్స్ కోడ్ తెలుసుకోవడమే మేలు.

మాన్యువల్‌ను ఎంచుకుంటే ఖర్చు ముందుగా క్లచ్ దగ్గర మొదలవుతుంది. కంపెనీ అమర్చిన క్లచ్ అసలు ఇంజిన్ టార్క్‌కు కొంత మించి మాత్రమే పట్టు ఇస్తుంది. ఆపైన అది జారి, వేడెక్కి, కాలిపోతుంది. గట్టి ప్రెషర్ ప్లేట్ (క్లచ్ డిస్క్‌ను అదిమిపట్టే పళ్లెం) వేస్తే పెడల్ బరువెక్కుతుంది. సిరామిక్ లేదా లోహపు పూత ఉన్న డిస్క్ వేస్తే పట్టు పెరుగుతుంది గానీ, ట్రాఫిక్‌లో కారు కుదుపుతో కదులుతుంది. రోజూ నడపవలసిన కారైతే రెండు డిస్కుల క్లచ్ మంచి రాజీ, ఎందుకంటే రాపిడి ఉపరితలం పెరగడం వల్ల పెడల్‌ను మరీ బరువెక్కించకుండానే ఎక్కువ టార్క్ పట్టుకుంటుంది. అయితే క్లచ్ జారడం ఆగిన తర్వాత ఆ దెబ్బ నేరుగా గేరు పళ్లకూ, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ (గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తిని చేర్చే కడ్డీ), యాక్సిల్‌కూ చేరుతుందని మరవకూడదు. అంతవరకు క్లచ్ ఒక రకంగా ఫ్యూజ్‌లా పనిచేసి ఉంటుంది.

నడిపేవారి చేతి లెక్క కూడా ఉంది. ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు రెండులోకి లాగితే, చక్రాలే ఇంజిన్‌ను దాని హద్దు దాటించి తిప్పుతాయి. ఈసీయూ ఇంధనాన్ని ఆపినా దాన్ని అడ్డుకోలేదు, వాల్వులు పిస్టన్లకు తగిలితే గేర్‌బాక్స్‌తో పాటు ఇంజిన్ కూడా పోతుంది. ఆధునిక ఆటోమేటిక్ అయితే అలాంటి ఆదేశాన్ని తిరస్కరిస్తుంది.

ఆటోమేటిక్ బలం టర్బో ఇంజిన్‌తో బాగా తెలుస్తుంది. గేరు మారేటప్పుడు యాక్సిలరేటర్ వదలనక్కర్లేదు కాబట్టి బూస్ట్ పడిపోదు. కారు నిలిచి ఉన్నప్పుడు టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే భాగం) ఇంజిన్‌ను కొంత వేగం వరకు తిరగనిచ్చి టర్బోను మేల్కొలపడమే కాక, కదిలే తొలి క్షణాల్లో టార్క్‌ను సుమారు రెండింతల వరకు పెంచుతుంది. డ్రాగ్ రేసింగ్‌లో (తక్కువ దూరపు సూటి పరుగు పోటీల్లో) ఆటోమేటిక్‌ను ఇంతగా నమ్మడానికి కారణం ఇదే; జనరల్ మోటార్స్ 1964లో తెచ్చిన మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 400ను ఈనాటికీ ఆ పోటీల్లో వాడుతున్నారు. పెద్ద టర్బో వేస్తే కన్వర్టర్‌ను కూడా దానికి తగిన స్టాల్ వేగంతో (కారు కదలకుండా ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) ఎంచుకోవాలి, లేకపోతే ఈ లాభం సగానికి పైగా పోతుంది.

ఆటోమేటిక్‌కు శత్రువు వేడి. కన్వర్టర్ లాక్ కానంతసేపు, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా జోడై తిరగనంతసేపు, ఆయిల్ మథనంలో శక్తి వేడిగా మారుతుంది. ఆయిల్ ఉష్ణోగ్రత 120 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని ఆయుష్షు వేగంగా తగ్గుతుంది. కనుక పెద్ద కూలర్, ఉష్ణోగ్రత మీటర్ రెండూ తప్పనిసరి. అంతకన్నా ముఖ్యమైనది గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్, టీసీయూ: ఇంజిన్ టార్క్ పెరిగిందని దానికి తెలియజేసి, లోపలి క్లచ్ ప్యాక్‌ల పీడనాన్ని తగినట్టు పెంచకపోతే అవి జారి పాడవుతాయి. ఇంజిన్‌ను మాత్రమే ట్యూన్ చేసి టీసీయూను తాకని వర్క్‌షాప్‌కు ఇలాంటి కారును అప్పగించకపోవడమే నయం.

రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మాన్యువల్, ఆటోమేటిక్ రెండింటికీ నడుమ ఉంటుంది. వేగంగా మారుతుంది గానీ కన్వర్టర్ ఇచ్చే టార్క్ లాభం ఉండదు, మరమ్మతు ఖరీదెక్కువ. 2007 నాటి నిస్సాన్ జీటీ-ఆర్‌లో లాగా మొదటి నుంచీ దానితోనే వచ్చి, బలపరిచే భాగాలు విరివిగా దొరికే కారైతే తప్ప నేను దాన్ని సూచించను.

ఇక వాడకాన్ని బట్టి నా అభిప్రాయం ఇది. సూటి పరుగే లక్ష్యమైతే, లేదా టార్క్ 700 న్యూటన్ మీటర్లు దాటబోతుంటే, ఆటోమేటిక్‌తో తలనొప్పి తక్కువ. మలుపుల రోడ్డు మీదో సర్క్యూట్‌లోనో నడపడంలోని ఆనందం ముఖ్యమై, టార్క్ మితంగా ఉంటే మాన్యువల్‌నే తీసుకోండి. ల్యాప్ సమయంలో కొంత పోయినా ఫరవాలేదు. పోర్షా 2013లో 911 జీటీ3ని డ్యూయల్ క్లచ్‌తో మాత్రమే ఇచ్చి, 2017 నాటికి మాన్యువల్‌ను మళ్లీ అందించిందంటే, వేగం ఒక్కటే కొలమానం కాదని కొనుగోలుదారులు గట్టిగానే చెప్పారన్నమాట.

ఒక రకం కారు కొని మరో రకానికి మార్పించే ఆలోచన ఉంటే వీలైనంతవరకు మానుకోండి. గేర్‌బాక్స్ ధరకు తోడు వైరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, మౌంట్లు, పెడళ్లు, ఈసీయూ సాఫ్ట్‌వేర్ అన్నీ కదులుతాయి. మీకు కావలసిన గేర్‌బాక్స్‌తో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన కారు కాస్త ఎక్కువ ధర పలికినా చివరికి అదే చవక పడుతుంది.

ఏది ఎంచుకున్నా, తొలి రెండు గేర్లలో బూస్ట్‌ను తగ్గించి ఉంచమని ట్యూనర్‌కు చెప్పండి. ఆ గేర్లలో పూర్తి టార్క్‌ను టైర్లు ఎలాగూ నేలకు దించలేవు. జారిన చక్రం ఒక్కసారిగా పట్టు దొరికించుకున్నప్పుడు వచ్చే కుదుపుకే యాక్సిళ్లు, గేరు పళ్లు ఎక్కువగా విరుగుతాయి. కొత్త క్లచ్ అయితే తయారీదారు చెప్పిన దూరం నెమ్మదిగా నడిపిన తర్వాతే, ఆటోమేటిక్ అయితే ఆయిల్ మట్టాన్ని సూచించిన ఉష్ణోగ్రత దగ్గర సరిచూసిన తర్వాతే పూర్తి బూస్ట్‌కు వెళ్లండి.