చీజ్ బోర్డు అమర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చీజ్ బోర్డు అంటే రకరకాల చీజ్‌లను పండ్లు, బాదం, జీడిపప్పు వంటి గింజలు, తేనెతో కలిపి అమర్చే పళ్లెం. వేడుకకు వచ్చేవారిలో శాకాహారులు, గర్భిణులు, పసిపిల్లలు, గింజలు పడనివారు ఎవరెవరున్నారో సరుకులు కొనడానికి ముందే తెలుసుకోవాలి.

పార్మిజానో రెజానో వంటి చీజ్‌ల తయారీలో పాలను విరిచేందుకు దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌ను వాడతారు కనుక, శాకాహారులకు వడ్డించదలచిన ప్రతి రకం ప్యాకెట్‌పైనా ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో తప్పక చూడాలి. తెలియదు కదా అని పెట్టేయడం అతిథి నమ్మకాన్ని వమ్ము చేయడమే.

బ్రీ, కామంబేర్, మెత్తని బ్లూ చీజ్‌లలో లిస్టీరియా అనే బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉన్నందున వాటిని గర్భిణులకు పెట్టకూడదు. పాశ్చరైజ్ చేసిన (వేడి చేసి హానికర క్రిములను చంపిన) పాలతో చేసిన చెడ్డార్ అనే గట్టి చీజ్‌ను వారికి వేరే పళ్లెంలో, వేరే కత్తితో ఇవ్వడం మేలు. ఏడాది నిండని బిడ్డకు తేనె తాకించరాదు. చిన్నపిల్లలకు ద్రాక్షపండ్లను నిలువుగా చీల్చి ఇవ్వాలి.

రుచి, వాసన తేలడానికి చీజ్‌ను వడ్డనకు అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయాలి. అయితే అది బయట మొత్తం 2 గంటలకు మించి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి ఉండకూడదు. కాబట్టి మన ఎండాకాలపు వేడుకల్లో కొద్దికొద్దిగా పెడుతూ, మిగిలినది ఫ్రిజ్‌లోనే ఉంచాలి.