జాబితాలో పేరుంది, మంచు మీద మనిషి లేడు: రష్యాకు స్కేటింగ్ చూడబోయేవారి సమస్యలు - పరిష్కారాలు

గ్రాండ్ ప్రి అంటే ఫిగర్ స్కేటింగ్‌లో వేర్వేరు దేశాల్లో జరిగే పోటీల వరుస, ఒక్కో స్కేటర్‌కు అందులో రెండు పోటీలదాకా దక్కుతాయి. ఏటా జూన్ ప్రాంతంలో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఈ గ్రాండ్ ప్రి కేటాయింపులు ప్రకటిస్తుంది. ఎవరు ఏ దేశంలో బరిలోకి దిగుతారో తెలిసిన గంటలోనే అభిమానుల మధ్య పంచాయితీ మొదలవుతుంది. ఒకరు విమానాల ధరలు చూస్తుంటారు, ఇంకొకరు "మా అమ్మాయికి రెండూ కష్టమైన పోటీలే ఇచ్చారు" అని అలుగుతుంటారు. ఆ వేడిలో తీసుకున్న నిర్ణయాలే నవంబరులో కాళ్లకు చుట్టుకుంటాయి. నేను చూసినంతలో ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి వేరు ఒక్కటే: ఒక పేరు చూసి, తిరిగి రాని డబ్బు కట్టేయడం. మిగతావి వీసా, నగదు, దారి తప్పడం లాంటివి. వాటికి మందు ఉంది. మీ లక్షణం ఏదో వెతుక్కొని అక్కడినుంచి చదవండి.

లక్షణం: గ్రాండ్ ప్రి జాబితాలో రష్యా పోటీయే కనబడటం లేదు

మీ కళ్లలో లోపం లేదు. 2022 మార్చి 1న సమాఖ్య రష్యా, బెలారస్ స్కేటర్లను అంతర్జాతీయ పోటీలనుంచి పక్కన పెట్టింది. దాంతో మాస్కోలో జరిగే రోస్టెలికామ్ కప్ కూడా వరుసలోంచి పోయింది. ఆ ఏడాది దాని స్థానంలో ఫిన్లాండ్‌లోని ఎస్పో వచ్చింది. 2024 నుంచి ఆ చోటు హెల్సింకిలో జరిగే ఫిన్లాండియా ట్రోఫీది. పాత వ్యాసాలు, పాత వీడియోలు చూసి ప్రయాణం ఊహించుకునేవారు ముందు ఆ ఏటి అధికారిక జాబితా తెరవాలి. 2022 నుంచి 2025 వరకు నాలుగు సీజన్లలోనూ రష్యా అంచె లేదు.

లక్షణం: "రష్యా గ్రాండ్ ప్రి" అని ప్రకటన ఉంది, కానీ జపాన్, అమెరికా పేర్లు ఒక్కటీ లేవు

పేరు తెచ్చిన చిక్కు ఇది. నిషేధం తర్వాత రష్యా సమాఖ్య సొంతంగా ఒక పోటీల వరుస నడుపుతోంది. దాని పేరులోనూ గ్రాండ్ ప్రి ఉంది. అందులో కనిపించేది ప్రధానంగా రష్యా వారు, కొందరు బెలారస్ వారు. అంతర్జాతీయ పోటీ అనుకొని వెళ్తే నిరాశే. కానీ ఇంటి పోటీ అని తెలిసే వెళ్తే, నా మాట నమ్మండి, ఇంతకంటే గట్టి పోటీ చాలా దేశాల్లో దొరకదు. డిసెంబరు చివర్లో జరిగే జాతీయ చాంపియన్‌షిప్ ఇంకా మేలు. అది ఊరూరా తిరుగుతుంది: 2022లో క్రాస్నొయార్స్క్, 2023లో చెల్యాబిన్స్క్, 2024లో ఓమ్స్క్. సైబీరియా డిసెంబరు చలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

లక్షణం: జాబితాలో పేరు ఉండాల్సిన చోట ఖాళీ

అచ్చుతప్పు కాదు. ఆతిథ్య దేశం ఒక్కో విభాగంలో ముగ్గురిదాకా తనవాళ్లను పెట్టుకోవచ్చు, ఆ పేర్లను తర్వాత చెప్పవచ్చు. రోస్టెలికామ్ కప్ ఉన్న రోజుల్లో ఈ ఖాళీల మీద జరిగినన్ని ఊహాగానాలు ఎన్నికల టికెట్ల మీద కూడా జరిగి ఉండవు. సెప్టెంబరులో జాతీయ జట్టు పరీక్ష ప్రదర్శనలు అయ్యేదాకా ఓపిక పట్టడమే మార్గం.

లక్షణం: టికెట్ కొన్నాక మీరు చూడాలనుకున్న మనిషి తప్పుకున్నారు

ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు. జూన్‌లో పేరు ప్రకటిస్తారు, పోటీ నవంబరులో. ఈ మధ్యలో చీలమండ, నడుము, తుంటి, గాల్లో నాలుగు చుట్లు తిరిగే కొత్త గెంతు సాధన, అన్నీ ఉంటాయి. పేరు రాసిననాడు సమాఖ్య అబద్ధం చెప్పలేదు. శరీరం ఆ తర్వాత మాట మార్చింది.

జపాన్ స్కేటర్ యుజురు హన్యూ సంగతే తీసుకోండి. 2017 నవంబరులో ఒసాకాలో ఎన్‌హెచ్‌కే ట్రోఫీకి (గ్రాండ్ ప్రిలో జపాన్ అంచె) ముందు రోజు సాధనలో పడి గాయపడ్డాడు. హాలు నిండా ఆయన కోసం వచ్చినవాళ్లే, ఆయన మాత్రం మంచు మీదికి రాలేదు. మరుసటి ఏడాది నవంబరులో మాస్కోలో రోస్టెలికామ్ కప్. మొదటి రోజు అగ్రస్థానం. రెండో రోజు ఉదయం సాధనలో మళ్లీ చీలమండ. అయినా సాయంత్రం బరిలోకి దిగి, గెలిచి, చంకకర్రలతో వచ్చి పతకం అందుకున్నాడు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ల అదృష్టం అది. అయితే వాళ్లలో వాంకూవర్‌లో జరిగే గ్రాండ్ ప్రి ఫైనల్‌కు కూడా టికెట్లు కొని పెట్టుకున్నవారికి అదే సాయంత్రం గుండెలో రాయి పడింది: ఫైనల్‌కు ఆయన రాలేదు.

చేయాల్సింది ఏమిటంటే, డబ్బును మూడు వాయిదాల్లో కట్టండి. జూన్‌లో రద్దు చేసుకోగల హోటల్ గది మాత్రమే. సెప్టెంబరు, అక్టోబరుల్లో చిన్న పోటీలు మొదలవుతాయి. మీ స్కేటర్ వాటిలో కనిపించి, గెంతులు తిన్నగా దిగుతుంటే విమానం టికెట్ కొనండి. పోటీ వారంలో సమాఖ్య వెబ్‌సైట్‌లోని ప్రవేశాల పట్టిక రోజూ చూడండి. తప్పుకున్నవారి పేరు పోయి బదులు వచ్చినవారి పేరు కనిపించేది ముందుగా అక్కడే. వదంతులు వినడం మానమని చెప్పను, నేనూ వింటాను. కానీ వదంతిని నమ్మి హోటల్ రద్దు చేయకండి. ఇక, ఆ ఒక్కరు లేకపోతే ఆ పోటీ మీకు చప్పగా అనిపిస్తుందా అని నిజాయితీగా ఆలోచించుకోండి. అనిపిస్తే ఇంట్లో టీవీ ముందు కూర్చోవడమే నయం.

లక్షణం: ఫైనల్‌కు టికెట్ కొన్నాను, మా వాళ్లు అర్హత పొందలేదు

లెక్క ముందే వేసుకోవచ్చు. మొదటి స్థానానికి 15 పాయింట్లు, రెండుకు 13, మూడుకు 11, ఆపైన 9, 7, 5. రెండు పోటీల మొత్తంలో ముందున్న ఆరుగురు ఫైనల్‌కు వెళ్తారు. 26 పాయింట్లు, అంటే రెండు రెండో స్థానాలు, సాధారణంగా సరిపోతాయి. ఒకే పోటీ దక్కినవారి మీద ఫైనల్ ఆశ పెట్టుకోకండి.

లక్షణం: పోటీయే వేరే చోటికి వెళ్లిపోయింది

అరుదు, కానీ జరుగుతుంది. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్ మార్చిలో టోక్యోలో జరగాలి. మార్చి 11న భూకంపం, సునామీ వచ్చాయి. పోటీని మాస్కోకు మార్చి ఏప్రిల్ చివర్లో జరిపారు. టోక్యోకు టికెట్లు కొన్నవారిలో ఎందరు నెలరోజుల్లో రష్యా వీసా తెచ్చుకోగలరు? మహిళల స్వర్ణం జపాన్‌కు చెందిన మికి ఆండోదే అయింది, చూడాల్సినవాళ్లు మాత్రం వేల కిలోమీటర్ల దూరంలో ఉండిపోయారు. 2015 నవంబరులో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇంకో రకం: పారిస్ దాడుల కారణంగా రెండో రోజు పోటీ రద్దయి, మొదటి రోజు ఫలితాలే తుది ఫలితాలయ్యాయి. 2020 మాంట్రియల్ ప్రపంచ పోటీ కరోనాతో జరగనే లేదు.

దీనికి మందు లేదు, దెబ్బ తగ్గించుకోవడమే. టికెట్ డబ్బు తిరిగి ఎలా వస్తుందో కొనేముందే చదవండి. ప్రయాణ బీమా కాగితంలో యుద్ధానికి మినహాయింపు ఉందేమో చూడండి. రష్యా ప్రయాణానికి ఆ ఒక్క వాక్యమే కీలకం.

లక్షణం: వీసాలో పేరు సరిగా లేదంటూ విమానాశ్రయంలో ఆపేశారు

మన పేర్లకు ఇది ప్రత్యేకంగా వచ్చే తంటా. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక, మధ్యలో తాత పేరు. విమానం టికెట్‌లో ఒక వరుస, పాస్‌పోర్టులో ఇంకో వరుస. భారతీయులకు 2023 ఆగస్టు నుంచి ఎలక్ట్రానిక్ వీసా ఉంది. దరఖాస్తులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది చెల్లదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలను ముందు పెట్టుకొని అచ్చంగా అలాగే నింపండి. తండ్రి పేరు అడిగే గడిని చూసి ఉత్సాహపడకండి. అది రష్యన్ల పేర్లలో భాగం, మన పాస్‌పోర్టులో పేరు మధ్య లేకపోతే ఖాళీగా వదిలేయండి.

రెండో పొరపాటు రోజుల లెక్క. ఈ వీసా చెల్లుబాటు 120 రోజులు, ఉండగలిగేది 30 రోజులు. రాత్రి పదకొండున్నరకు దిగినా ఆ రోజు ఒక రోజే. మూడోది, ప్రకటించిన విమానాశ్రయాలు, సరిహద్దు ద్వారాలనుంచే ఇది పనిచేస్తుంది. దిగాక చేతికిచ్చే వలస కార్డును పాస్‌పోర్టులో పెట్టి, దేశం వదిలేదాకా పారేయకండి. హోటల్ నమోదు హోటల్ వాళ్లే చేస్తారు. తెలిసినవారి ఇంట్లో దిగితే నమోదు బాధ్యత ఆ ఇంటివారిది, ముందే గుర్తు చేయండి.

లక్షణం: కార్డు గీస్తే పనిచేయడం లేదు

కార్డులో లోపం లేదు, బ్యాంకుకు ఫోను చేసి ప్రయోజనమూ లేదు. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ రష్యాలో సేవలు ఆపేశాయి. బయటి దేశాల్లో ఇచ్చిన కార్డులు అక్కడ చెల్లవు. డాలర్లో యూరోలో నగదుగా తీసుకెళ్లి బ్యాంకులో మార్చుకోవాలి. నోట్లు మడతలు, రాతలు లేకుండా ఉండాలి. విదేశాలకు నగదు తీసుకెళ్లడంపై రిజర్వు బ్యాంకు పెట్టే మామూలు పరిమితినుంచి రష్యాకు మినహాయింపు ఉంది. కానీ రష్యాలో దిగేటప్పుడు 10,000 డాలర్లకు మించి ఉంటే కస్టమ్స్‌లో చెప్పాలి. పోటీ టికెట్లే అసలు తలనొప్పి, అమ్మే వెబ్‌సైట్లు రష్యా కార్డులనే అడుగుతాయి. అక్కడ వైద్యవిద్య చదివే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. చుట్టాల్లోనో స్నేహితుల ఇళ్లలోనో ఒకరు తగలకపోరు. వాళ్ల స్థానిక కార్డుతో కొనిపించుకోండి, డబ్బు వెళ్లిన రోజే చేతిలో పెట్టండి.

లక్షణం: టాక్సీ దిగాక చూస్తే హాలు అది కాదు

ఇక్కడ నా కథ చెప్పాలి. 2019 నవంబరు, రోస్టెలికామ్ కప్ మొదటి రోజు. పోటీ మెగాస్పోర్ట్ హాల్లో. అక్కడికి దగ్గరి మెట్రో స్టేషన్ పేరు సీఎస్‌కేఏ అని రాసి పెట్టుకున్నాను. హోటల్ ముందు టాక్సీ అతనికి ఆ ఒక్క మాటే చెప్పాను. అతను తల ఊపి, నలభై నిమిషాలు నడిపి, నదీ తీరాన మెరిసిపోతున్న పెద్ద హాలు ముందు దించాడు. తలుపుల దగ్గర ఒక్కరూ లేరు. స్కేటింగ్ బొమ్మ లేదు, హాకీ ఆటగాళ్ల బొమ్మలున్నాయి. కాపలా మనిషి నా టికెట్ చూసి నవ్వలేదు, అదే ఇంకా బాధ. టికెట్ వెనక్కి తిప్పి, పెన్నుతో ఒక గీత గీసి, ఆ గీత రెండు చివర్లా రెండు చుక్కలు పెట్టాడు. ఒక చుక్క నేను, ఇంకో చుక్క మెగాస్పోర్ట్.

కారణం: సీఎస్‌కేఏ అనేది సైన్యపు క్రీడా సంఘం పేరు, నగరంలో ఆ పేరు చాలాచోట్ల ఉంది. సీఎస్‌కేఏ అరెనా అనే హాకీ హాలు ఆగ్నేయాన అవ్‌తొజవోద్‌స్కయ స్టేషన్ దగ్గర ఉంది. సీఎస్‌కేఏ మెట్రో స్టేషన్, మెగాస్పోర్ట్ ఉన్నది వాయవ్యాన, పాత ఖొదిన్కా విమాన మైదానంలో. అదే సంఘం ఫుట్‌బాల్ స్టేడియం కూడా ఆ ఖొదిన్కా పక్కనే ఉండటంతో తప్పిపోవడానికి మూడో దారి కూడా తెరుచుకుంటుంది.

పరిష్కారం: హాలు పేరు కాదు, చిరునామా చూపించండి: ఖొదిన్‌స్కీ బుల్వార్, 3, రష్యన్ అక్షరాల్లో రాయించుకొని. నాలాగా ఇప్పటికే తప్పు చుక్క దగ్గర ఉంటే టాక్సీ వద్దు, సాయంత్రపు రద్దీలో ఇరుక్కుంటారు. అవ్‌తొజవోద్‌స్కయలో ఆకుపచ్చ లైను ఎక్కి దినామోలో దిగి, పెట్రోవ్‌స్కీ పార్క్ స్టేషన్‌కు మారితే తర్వాతిదే సీఎస్‌కేఏ. అప్పుడు నేను రోడ్డు మీదికి వచ్చి మారాల్సి వచ్చింది, ఇప్పుడు లోపలినుంచే దారి ఉంది. నేను చేరేసరికి మహిళల మొదటి బృందం అయిపోయి, మంచు చదును చేసే బండి నిదానంగా తిరుగుతోంది.

సోచిలోనూ ఇలాంటిదే ఉంది. 2021లో ఈ కప్ అక్కడి ఐస్‌బర్గ్ హాల్లో జరిగింది. హాలు ఉన్నది సోచి నగరంలో కాదు, ఆడ్లెర్ వైపు ఒలింపిక్ పార్కులో. సోచి నడిబొడ్డున గది తీసుకుంటే రోజూ రైలు ప్రయాణమే.

లక్షణం: హెల్సింకి, పీటర్స్‌బర్గ్ కలిపి ప్రయాణం కుదరడం లేదు

ఒకప్పుడు అల్లెగ్రో రైలు మూడున్నర గంటల్లో చేర్చేది. అది 2022 మార్చి 27న ఆగింది. 2023 చివరి నుంచి ఫిన్లాండ్ రష్యాతో ఉన్న రోడ్డు సరిహద్దునూ మూసింది. రెండూ కావాలంటే ఇస్తాంబుల్ లాంటి చోట మారే విమానమే. ఫిన్లాండ్‌కు కావాల్సిన షెంగెన్ వీసా వేరే. ఒకే ప్రయాణంలో రెండూ పెట్టుకోకండి, అలసట తప్ప మిగలదు.

లక్షణం: విమానం ఆలస్యం, ఫోనులో నెట్ లేదు, మ్యాప్ నన్ను ఎక్కడో చూపిస్తోంది

డ్రోన్ల భయంతో మాస్కో విమానాశ్రయాలను గంటల తరబడి ఆపుతున్నారు, మొబైల్ ఇంటర్నెట్ కట్ చేస్తున్నారు, ఉపగ్రహ సంకేతాలను చెదరగొడుతున్నారు. పోటీకి కనీసం ఒక రోజు ముందు దిగండి. మ్యాపులు ముందే ఫోనులోకి దించుకోండి. హోటల్ చిరునామా కాగితం మీద ఉండాలి.

లక్షణం: పోటీ మొదలవ్వాల్సిన వేళకు వెళ్తే సగం అయిపోయింది

మాస్కో మన కంటే రెండున్నర గంటలు వెనుక. ఓమ్స్క్ అరగంట ముందు, క్రాస్నొయార్స్క్ గంటన్నర ముందు. రష్యా ప్రసారాల్లో సాధారణంగా మాస్కో వేళ చెబుతారు, హాలు తలుపు మీద స్థానిక వేళ ఉంటుంది. రైలు టికెట్లు 2018 ఆగస్టు నుంచి స్థానిక వేళలోనే ఇస్తున్నారు. అంతకుముందు అన్నిటికీ మాస్కో వేళే, పాత సలహాలు నమ్మకండి.

లక్షణం: హాల్లో వణుకు, బయటికి వస్తే కోటు దొరకదు

లోపలికి వెళ్తూనే బరువు కోటును గార్డెరోబ్‌లో, అంటే కోట్లు దాచే చోట, అప్పగించి అంకె ఉన్న బిళ్ల తీసుకుంటారు. ఆ తర్వాత మంచు పక్కన నాలుగు గంటలు. సంచిలో స్వెటరు, శాలువ పెట్టుకోండి, ముందు వరుసల్లో కూర్చుంటే కాళ్లకు ఇంకో జత మేజోళ్లు. బిళ్లను ప్యాంటు జేబులో కాదు, పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. పోతే మాత్రం గొడవపడకండి, బల్ల పక్కన బెంచీ మీద కూర్చోండి. అందరూ తమ కోట్లు తీసుకొని వెళ్లిపోయాక కొక్కేనికి మిగిలింది మీదే.