హారాలు వేరుగా ఉన్న భిన్నాలను కూడడం

5/6, 3/8 వంటి విజాతి భిన్నాలను కూడేటప్పుడు లవానికి లవం, హారానికి హారం కలిపి 8/14 అని రాసేయడం పిల్లల్లో తరచుగా కనిపించే పొరపాటు. ఆ మొత్తం 5/6 కంటే కూడా చిన్నదని గమనిస్తే అది తప్పని వెంటనే తెలుస్తుంది.

ముందుగా 6, 8ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 24 అని కనుక్కుని, మొదటి భిన్నంలోని లవహారాలు రెండింటినీ 4తోనూ, రెండవదానిలోని వాటిని 3తోనూ గుణిస్తే, 20/24, 9/24 అనే సజాతి భిన్నాలు వస్తాయి. హారాన్ని అలాగే ఉంచి లవాలను మాత్రమే కూడితే 29/24 అవుతుంది. ఇది లవం హారం కంటే పెద్దదిగా ఉన్న అపక్రమ భిన్నం కనుక 29ని 24తో భాగించి, భాగఫలం 1, శేషం 5 ఆధారంగా 1 5/24 అని మిశ్రమ భిన్నంగా రాయాలి. హారాలను నేరుగా గుణించి 48 తీసుకున్నా తప్పు కాదు గానీ, 58/48ని మళ్లీ కనిష్ఠ రూపంలోకి తెచ్చే శ్రమ అదనం. తీసివేతకూ ఇదే పద్ధతి.