రుణమాఫీ బిల్లు అనగానే ఆశపడకండి: అమెరికాకు కొత్తగా వచ్చిన విద్యార్థులకు సూచనలు

ప్రతి ఎన్నికలోనూ రుణమాఫీ హామీలు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి, అమెరికాలో దిగిన కొత్తలో "స్టూడెంట్ లోన్ మాఫీ బిల్లు" అన్న వార్త ఫోనులో కనబడగానే అది మన అప్పుకు కూడా వర్తిస్తుందేమోనని అనిపించడం సహజమే. అయితే ఆ వార్తలు దాదాపు అన్నీ అమెరికా ప్రభుత్వం స్వయంగా ఇచ్చే ఫెడరల్ రుణాల గురించినవి. ఆ రుణాలు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలవారికి మాత్రమే దొరుకుతాయి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవారికి గానీ హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి గానీ ఆ రుణమే రాదు కనుక దాని మాఫీ ప్రసక్తే లేదు. నాన్నగారు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టి, ఇల్లో పొలమో తనఖా ఉంచి మన ఊరి బ్యాంకులో తెచ్చిన అప్పును మాఫీ చేసే అధికారం ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు లేదు.

పైగా ఇక్కడ మాఫీ అంటే మన దగ్గరిలా ఒక్క ఉత్తర్వుతో ఖాతా సున్నా కావడం కాదు. అలాంటి ప్రయత్నం బైడెన్ ప్రభుత్వం ఒకటి చేసింది గానీ 2023 జూన్ 30న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ సంస్థల్లోనో లాభాపేక్ష లేని సంస్థల్లోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కట్టినవారికి మిగిలిన బాకీ రద్దయ్యే పథకం 2007 నుంచి ఉంది.

కుటుంబంతో గ్రీన్ కార్డు మీద వచ్చినవారి పిల్లల సంగతి వేరు. ఫెడరల్ రుణాల నియమాలు మార్చిన, 2025 జూలై 4న సంతకమైన చట్టాన్ని వారు తెలుసుకోవాలి. 2026 జూలై 1 తర్వాత కొత్తగా అప్పు తీసుకునేవారికి ఆదాయాన్ని బట్టి కట్టే పథకం ఒక్కటే ఉంటుంది. అందులో మిగిలిన బాకీ రద్దు కావాలంటే 30 ఏళ్ళు కట్టాలి. ఏడాదికి 60,000 డాలర్ల సర్దుబాటు ఆదాయం (పన్ను లెక్కల్లో కొన్ని మినహాయింపులు పోగా మిగిలేది) ఉన్నవారు అందులో 5 శాతం, అంటే ఏడాదికి 3,000, నెలకు 250 డాలర్లు కట్టాలి. ఇద్దరు పిల్లలుంటే ఒక్కొక్కరికి 50 చొప్పున తగ్గి 150 అవుతుంది. ఎం.ఎస్. వంటి కోర్సులకు కొత్తగా తీసుకునే ఫెడరల్ రుణం ఏడాదికి 20,500, మొత్తం మీద 1,00,000 డాలర్లు మించకూడదు.

మాఫీ విషయంలో మనకు సంబంధం లేని ఆ చట్టం తాలూకు బిల్లే మరో దారిన మన జేబు దాకా వచ్చింది. ఈ దేశ పౌరులు కానివారు స్వదేశానికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను వేయాలని మొదట ప్రతిపాదించారు. 2025 మే 22న కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ఆమోదించిన రూపంలో అది 3.5 శాతమైంది, అంటే 50,000 రూపాయల ఈఎంఐ పంపితే 1,750 రూపాయలు. ఆ వారంలో మా అపార్టుమెంటులోని ఒక తమ్ముడు కంగారుపడి, క్రెడిట్ కార్డు మీద నగదు తీసి ఆరు నెలల ఈఎంఐలు ఒకేసారి ఖమ్మం పంపేశాడు. పన్ను మొదలయ్యేది 2026 జనవరి నుంచి అని బిల్లులోనే రాసి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎగువ సభ అయిన సెనేట్ దాటేసరికి ఆ పన్ను 1 శాతానికి దిగింది. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాటికే. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి గానీ, ఇక్కడ జారీ అయిన కార్డు మీద గానీ పంపితే ఆ పన్ను లేదు. అతను మాత్రం కార్డు వడ్డీ నవంబరు దాకా కట్టాడు. కాబట్టి ఒక సభ ఆమోదించిందన్న వార్త చూసి డబ్బు కదిలించకండి. రెండు సభలూ ఒకే పాఠాన్ని ఆమోదించి, అధ్యక్షుడు సంతకం చేసి, అమలు తేదీ తెలిసే దాకా ఆగండి.

ఈలోగా చూసుకోవలసింది మీ సాంక్షన్ లెటరు (మన బ్యాంకు ఇచ్చిన రుణ మంజూరు పత్రం). చాలా బ్యాంకులు చదువు కాలానికి తోడు ఆరు నెలలో ఏడాదో మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని గడువు) ఇస్తాయి. ఆ గడువులోనూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చదువు అయిన వెంటనే ఉద్యోగం దొరకకపోవచ్చు కాబట్టి, మొదటి ఈఎంఐ తేదీని ఇంట్లోవాళ్ళతో ఇప్పుడే మాట్లాడి రాసి పెట్టుకోండి.

రుసుము కడితే మాఫీ ఇప్పిస్తామని ఫోన్లు వస్తాయి. ఫెడరల్ రుణాలకు కూడా ఆ దరఖాస్తులు ఉచితమే, మనకైతే అవి అక్కర్లేదు. ఆ మాట నమ్మి ఏ ఫారంలోనైనా "అమెరికా పౌరుడిని" అన్న గడిలో టిక్కు పెడితే నష్టం రుసుముతో పోదు. పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినట్టు తేలితే ముందు ముందు వీసాకు, గ్రీన్ కార్డుకు అనర్హులవుతారు.