ఈఎస్ఐ సిక్ లీవ్‌ల ఉండి బయట పని చేస్తే ఏమైతది, ఇప్పటికే చేసినోళ్లు ఏం చెయ్యాలె

మిల్లులల్ల, జిన్నింగ్‌లల్ల, షోరూంలల్ల, ప్రైవేట్ హాస్పిటళ్లల్ల పని చేసే మనోళ్లకు చాలామందికి ఈఎస్ఐ, అంటే కార్మికుల సర్కారు బీమా, ఉంటది గని దాని రూల్స్ ఎవ్వలు కూసోవెట్టి చెప్పరు. జీతంల 0.75 శాతం కట్ అయితది, ఓనర్ ఇంకో 3.25 శాతం కడతడు, నెల జీతం 21,000 లోపు ఉన్నోళ్లకు వర్తిస్తది, గంతవరకు అందరికి తెలుసు. పాణం బాగలేక ఇంట్ల ఉంటే పైసలు వస్తయని కూడా తెలుసు. కానీ ఆ పైసలు తీసుకుంటనే ఇంకో కాడ క్యాష్ మీద పనికి పోతే ఏమైతదో మాత్రం నోటీసు చేతికొచ్చినంకనే తెలుస్తున్నది. ఒక్కసారి ఆ కాయితం వచ్చినంక ఇంటిల్లిపాది పడే భయం చూసి ఇది రాస్తున్న, జర ఓపికగ చదవండి.

ముందు లెక్క తెలవాలె. సిక్‌నెస్ బెనిఫిట్ అంటే మీ సగటు రోజు కూలిల 70 శాతం, ఏడాదికి ఎక్కువల ఎక్కువ 91 రోజులు. అది రావాలంటే అంతకుముందు ఆర్నెల్ల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌ల కనీసం 78 రోజులకు మీ పేరు మీద కాంట్రిబ్యూషన్ పడి ఉండాలె. మొదటి రెండు రోజులు వెయిటింగ్, వాటికి పైసలు రావు, కాకపోతే పదిహేను రోజుల లోపల మళ్ల జబ్బు పడితే ఆ రెండు రోజుల కోత ఉండదు. సగటు కూలి 500 అనుకోండి, రోజుకు 350 వస్తది, ఇరవై రోజుల సర్టిఫికెట్ ఉంటే 18 రోజులకు 6,300. డ్యూటీల దెబ్బ తగిలితే లెక్క వేరే, 90 శాతం ఇస్తరు, కానీ పనికి పోవద్దనే రూల్ దానికి సుత ఇదే.

అసలు తిప్పలంతా ఆ మిగిలిన 30 శాతం కాడనే మొదలైతది. ఇంటి కిరాయి తగ్గదు, చిట్టి ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. గప్పుడే ఎవరో ఒకలు వచ్చి "కాశిబుగ్గల మా బావ షాపుంది, గల్లా మీద కూసో, రోజుకు 400 చేతికిస్తడు, ఎవ్వలకు తెల్వది" అంటరు, లేకపోతే మిర్చి సీజన్‌ల వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు రమ్మంటరు, పోయినోన్ని దొంగ అని నేననను, ఇల్లు గడవాలె కదా, కానీ ఆ 400 వెనక ఏమున్నదో తెలిసి నిర్ణయం తీసుకోవాలె.

రూల్ ఏందంటే, 1948 ఈఎస్ఐ చట్టం (ఇక్కడ చెప్పే సెక్షన్ నంబర్లన్నీ ఈ పాత చట్టంవి, 2025 నవంబర్ 21 నుంచి దాని జాగల సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది) 63వ సెక్షన్ ప్రకారం పని చేసిన ఏ రోజుకు కూడా సిక్‌నెస్ బెనిఫిట్ రాదు. మీ కంపెనీలనే చెయ్యాలని లేదు, ఎవ్వరి దగ్గర చేసినా, ఎంత తీసుకున్నా, బరువు మోసినా, గల్లా మీద కూసున్నా ఆ రోజు పోయినట్టే. ఇంకోటి చాలామందికి తెల్వది, జీతంతోని సెలవు తీసుకున్న రోజుకు, జీతం వచ్చే పండుగ హాలిడేకు, సమ్మెల ఉన్న రోజుకు కూడా ఈ పైసలు రావు. అంటే ఓనర్ మంచోడై నాలుగు రోజులు లీవ్ జీతం ఇచ్చిండనుకోండి, ఆ నాలుగు రోజులు క్లెయిమ్‌ల రాయొద్దు. ఇది తెల్వక ఇరుక్కున్నోళ్లు సుత ఉంటరు.

64వ సెక్షన్‌ల ఇంకిన్ని షరతులున్నయి. ఈఎస్ఐ డాక్టర్ ట్రీట్‌మెంట్ కిందనే ఉండాలె, జబ్బు తగ్గకుంట చేసే పని ఏదీ చెయ్యొద్దు, డాక్టర్ పర్మిషన్ లేకుంట ట్రీట్‌మెంట్ నడిచే ఏరియా దాటి పోవద్దు, పరీక్షకు పిలిస్తే రావాలె. నడుము నొప్పి అని బెడ్ రెస్ట్ రాయించుకొని మేడారం జాతరకు పోయి వాట్సాప్ స్టేటస్ పెట్టినోడు పని చెయ్యకపోయినా ఈ సెక్షన్ కిందికి వస్తడు. సమ్మక్క తల్లి దగ్గరికి పోవద్దని ఎవ్వరంటరు, పోయేముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పి పర్మిషన్ రాయించుకోండి అంటున్న.

ఇగ సంతకం సంగతి. క్లెయిమ్‌కు ఫారం 9 ఉంటది. బ్రాంచి ఆఫీస్ కాడ లైన్ల నిలబడ్డప్పుడు వెనకోడు తొందర పెడుతుంటడు, కాయితం మీద పెన్సిల్‌తోని చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంటది, మనం ఆ గుర్తు చూస్తం, సంతకం పెడతం, ఇచ్చేస్తం. ఆ గుర్తు పైన రెండు మూడు లైన్లు ఉంటయి, ఈ రోజులల్ల నేను పని చెయ్యలేదు అని మనమే ఒప్పుకునే లైన్లు. రేపు మీ మీద చూపెట్టే కాయితం అదే. తెల్వదు సార్, చదవలే సార్ అంటే వినుడు కష్టం. చదువు రాకపోతే పక్కనున్న పిల్లగానితోనైనా చదివించుకోండి, రెండు నిమిషాల పని.

ఓనరే రమ్మంటే ఇంకా జాగ్రత్త

ఇది నాకు అన్నిటికంటె కోపం తెప్పించే మాట. సేఠ్ పిలిచి "సిక్ పెట్టుకో, 70 శాతం ఈఎస్ఐ ఇస్తది, నువ్వు మాత్రం మెల్లగ వెనక గేటు నుంచి వచ్చి పని చేసుకో, మిగిలింది నేనిస్త, హాజరు పట్టీల ఆబ్సెంట్ వేస్త" అంటడు. మనకు మేలు చేసినట్టే అనిపిస్తది. నిజానికి ఆ నెల జీతం ఆయన జేబులకెళ్లి పోలే, అందరు కార్మికులు కట్టిన ఫండ్‌లకెళ్లి పోయింది, సంతకం మీది. బ్రాంచి ఆఫీస్‌కు డౌటొస్తే ఓనర్‌ను ఫారం 10 అడుగుతది, ఈ మనిషి ఈ రోజులల్ల పనికి వచ్చిండా లేదా అని రాసిచ్చే కాయితం. అప్పుడు ఆయన తనను తను కాపాడుకుంటడు గని మిమ్ములను కాపాడతడని నమ్మకండి. చట్టం ఆయన్ను సుత వదలదు, ఇంకొకరి కోసం అబద్ధం చెప్పి బెనిఫిట్ ఇప్పించుడు కూడా నేరమే. అయినా ముందు ఆగేది మీ పైసలే.

ఎవ్వలకు తెల్వది అనే మాట సుత నిజం కాదు. మీ ఇన్సూరెన్స్ నంబర్ ఒక్కటే, ఎన్ని కంపెనీలు మారినా అదే నడవాలె, దానికి ఆధార్ లింక్. రెండో కాడ ఓనర్ తెల్వక మిమ్ములను ఈఎస్ఐల ఎక్కించిండంటే అవే తారీఖులకు ఇటు సిక్ క్లెయిమ్, అటు జీతం రెండూ కనపడతయి. క్యాష్ అంటరు గని షాపోడు ఫోన్‌పే కొడతడు, అది బ్యాంకు స్టేట్‌మెంట్‌ల ఉంటది. తోటి పనోడో, పాత పగ ఉన్న చుట్టమో ఒక్క దరఖాస్తు రాస్తే సరిపాయె.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. ఆ షాపుల మీకు దెబ్బ తగిలితే? పది మంది కూడా లేని షాపు, ఈఎస్ఐ లేదు, షాపోడు ఆటో ఎక్కించి పంపిస్తడు. డిస్పెన్సరీల డాక్టర్ ఎట్ల తగిలింది అని అడుగుతడు. నిజం చెప్తే సిక్ పైసలు పోతయి, మిల్లుల తగిలింది అంటే ఇంకో అబద్ధం, దానికి యాక్సిడెంట్ రిపోర్ట్ కావాలె, సాక్షులు కావాలె. మొదటి అబద్ధం 350 రూపాయలది, రెండోది మీ చెయ్యిది. కొంతమంది భయానికి ఇంట్లనే కట్టు కట్టుకొని ఊకుంటరు, దయచేసి అట్ల చెయ్యకండి, ట్రీట్‌మెంట్ ముందు, మిగిలినయి తర్వాత.

దొరికితే ఏమైతది

హక్కు లేని పైసలు తీసుకుంటే 70వ సెక్షన్ కింద వాపస్ కట్టాలె. కట్టకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేసే పవర్ ఉన్నది, మనిషి చచ్చిపోయినా ఆయన ఆస్తిలకెళ్లి రాబట్టొచ్చు. తెలిసి అబద్ధం చెప్పి బెనిఫిట్ తీసుకున్నట్టు కోర్టుల రుజువైతే పాత చట్టం 84వ సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు, లేకపోతే 2,000 దాక జరిమానా, లేకపోతే రెండూ ఉండె. రెండు వేలే కదా అని కొట్టిపారేసేటోళ్లున్నరు. కానీ శిక్ష పడ్డంక మొదటిసారి మూడు నెలలు, తర్వాత ప్రతిసారి ఆరు నెలలు క్యాష్ బెనిఫిట్ బంద్ చేసే రూల్ సుత ఆ చట్టం కింద ఉండె. ఆడోళ్లకు మెటర్నిటీ పైసలు సుత క్యాష్ బెనిఫిట్ లెక్కనే, ఆ టైముల నిజంగ అవసరం పడితే ఎవరిని అడుగుతరు. ఈ 1948 చట్టాన్ని సోషల్ సెక్యూరిటీ కోడ్‌ల కలిపిన్రు, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లకొచ్చింది, అబద్ధం చెప్పి బెనిఫిట్ తీసుకునుడు అందుల కూడా నేరమే.

ఉద్యోగం సంగతి సుత ఆలోచించాలె. సిక్ బెనిఫిట్ తీసుకునే రోజులల్ల పనిలకెళ్లి తీసెయ్యొద్దని పాత చట్టం 73వ సెక్షన్ మనకు పెద్ద అండగ ఉండె. మీరే ఇంకో కాడ పని చేస్తూ దొరికితే గసుంటి అండ పట్టుకొని కొట్లాడుడు చాలా కష్టమైతది.

ఇప్పటికే చేసినోళ్లు ఏం చెయ్యాలె

ఇయ్యాల్టి నుంచే ఆ పని ఆపండి. ఒక కాయితం తీసుకొని ఏ తారీఖు పోయిన్రో, ఏ తారీఖు పోలేదో రాయండి, యాది లేకపోతే ఫోన్‌పే హిస్టరీ చూడండి. క్లెయిమ్ ఇంకా ఇయ్యలేదంటే మీరు చాలావరకు బయటపడ్డట్టే, పని చెయ్యని రోజులకు మాత్రమే అడగండి, పని చేసే ఓపిక వచ్చింది అనుకుంటే డాక్టర్ దగ్గర ఫైనల్ సర్టిఫికెట్ తీసుకొని డ్యూటీకి పోండి. సర్టిఫికెట్ ఇంకా పది రోజులున్నది కదా అని దాన్ని వాడుకోవాలనే రూల్ ఏం లేదు.

పైసలు అకౌంట్ల పడ్డంక అయితే బ్రాంచి ఆఫీస్‌కు దరఖాస్తు రాయండి, డిస్పెన్సరీకి కాదు, అక్కడ మందులు, సర్టిఫికెట్లే, పైసల లెక్క బ్రాంచి ఆఫీస్‌ది. పేరు, ఇన్సూరెన్స్ నంబర్, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాక క్లెయిమ్ చేసిన్రు, అందుల ఏ రోజులు పని చేసిన్రు, ఆ రోజుల పైసలు కడతనని రాయాలె. పైన చెప్పిన లెక్కల 18 రోజులకు ఎనిమిది రోజులు పని చేసి ఉంటే 2,800, గంతే. రెండు కాపీలు తీసుకపోయి ఒకదాని మీద స్టాంపు, తారీఖు వేయించుకొని ఇంట్ల భద్రంగ పెట్టుకోండి. కట్టిన పైసలకు రశీదు లేకుంట బయటికి రావద్దు, నేను సెటిల్ చేపిస్త అని గేటు కాడ తిరిగేటోని చేతుల ఒక్క రూపాయి పెట్టొద్దు. నోటీసు రాకముందే మీరే పోయి చెప్తే దాచే ఉద్దేశం లేదని చూపించనీకి మీ చేతుల ఒక కాయితం ఉంటది.

నోటీసు వచ్చిందంటే చింపెయ్యకండి, బీరువాల పెట్టి మర్చిపోకండి. జవాబుకు ఎన్ని రోజులిచ్చిన్రో చూసి ఆ లోపల రాతపూర్వకంగ ఇయ్యండి. ఎనిమిది రోజులు చేస్తే మొత్తం 18 రోజులు కట్టమంటున్నరనుకోండి, మిగిలిన పది రోజులు ఇంట్ల ఉన్నట్టు మీ దగ్గరున్న ఆధారం జత చెయ్యండి, మందుల చిట్టీలు, డ్రెస్సింగ్ తారీఖులు అన్నీ పనికొస్తయి. ఒప్పుకోకపోతే ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు ఉన్నది. వకీలుకు పైసలు లేవంటే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి పోండి, 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఇండస్ట్రీ కార్మికులకు ఉచితంగ వకీలును ఇస్తరు. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు, షాపోనితోని "ఈయన మా దగ్గర చెయ్యలే" అని దొంగ కాయితం రాయించకండి, చిన్న కేసు పెద్దగయ్యేది అక్కడనే.

పైసల కటకట మీద ఒక మాట. సెలవంతా అయిపోయేదాక ఆగి క్లెయిమ్ పెట్టాలని లేదు, మధ్యల ఇచ్చే సర్టిఫికెట్ల మీద ఎప్పటిదప్పుడు పెట్టుకోవచ్చు, చేతికి జర తొందరగ వస్తయి. టీబీ, క్యాన్సర్, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి 34 పెద్ద జబ్బులకు ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉన్నది, సర్వీసు, కాంట్రిబ్యూషన్ షరతులు కలిస్తే 80 శాతం చొప్పున రెండేండ్ల దాక వస్తది. ఇంట్ల గసుంటి జబ్బుతోని ఉండి దొంగతనంగ పనికి పోతున్నోళ్లు ఎవరన్న ఉంటే ముందు వరంగల్ ఈఎస్ఐ హాస్పిటల్‌ల డాక్టర్‌ను ఇది వస్తదా అని అడగండి, లేకపోతే 1800-11-2526 టోల్ ఫ్రీకి ఫోన్ చెయ్యండి.